గోడ నమ్మిన మాట

మా గోడ, అంటే హ్యాండ్‌బాల్ ఆడే రోజుల్లో మేం గోడ అని పిలిచిన నా స్నేహితురాలు, ఇప్పుడు ఒక పెద్ద గోడౌన్‌లో సూపర్‌వైజర్. గోడ చివరికి గోడౌన్‌లోనే తేలిందని తన మీద తనే జోకులేసుకుంటుంది. లారీ డ్రైవర్లకి ఆమె అంటే హడలు. ఎవరైనా "మేం చూసుకుంటాంలే మేడం, మీరు కూర్చోండి" అన్నారా, అయిపోయారే. వెంటనే లేచి తనే వెళ్లి ప్రతి పెట్టె తట్టి చూస్తుంది. ఇంత అనుమానపు మనిషేంటని అక్కడివాళ్లు గొణుక్కుంటారట. వాళ్లకేం తెలుసు? పుట్టినప్పటినుంచీ ఇలా లేదు మా గోడ. ఎలా అయిందో కళ్లారా చూసినదాన్ని, నేను చెబుతాను.

వాళ్లమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. హ్యాండ్‌బాల్ అకాడమీకి పిల్లల్ని ఏరుకోవడానికి కోచ్ సార్ గోడ చదివే స్కూలుకి వెళ్లి, ఆడపిల్లలందర్నీ వరసలో నిలబెట్టి ముఖాల మీదికి బంతి విసిరాడు. అందరూ కళ్లు మూసుకున్నారు, ఇది తప్ప. "భయం లేదా నీకు?" అంటే, "కళ్లు మూసుకుంటే ఎలా కనబడుద్ది సార్?" అందట. అప్పుడే గోల్‌కీపర్‌ని చేసేశారు, గోడ అన్న పేరూ అలా వచ్చిందే.

అకాడమీలో మాది ముగ్గురి గది. పై మంచం గోడది, కింది మంచం నిచ్చెనది, కిటికీ పక్కన విడి మంచం నాది. నిచ్చెన అంటే డిఫెన్స్ ఆడే పిల్ల, చేతులు బారెడేసి ఉండేవి. బంతి పట్టు కోసం వేళ్లకి రాసుకునే జిగురు మైనం తలుపు గొళ్లేలకీ, దువ్వెనలకీ, ఆఖరికి మా జుట్టుకీ అంటుకునేది. సాయంత్రాలు నూనె గుడ్డతో ఆ జిగురు ఒకరి చేతులు ఒకరు తుడుచుకుంటూ కూర్చునేవాళ్లు గోడా, నిచ్చెనా. నన్ను పిలిచేవాళ్లు కాదు. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

ఆటలో వాళ్లిద్దరికీ ఒక గూడుపుఠాణీ ఉండేది. దూరం నుంచి షాట్ వస్తే డిఫెన్స్ చేతులెత్తి గోల్‌లో, కొట్టేవాళ్లకి దగ్గరగా ఉన్న మూలకి అడ్డం పెట్టాలి, దూరపు మూల గోల్‌కీపర్ చూసుకోవాలి. సార్ నేర్పింది ఇదే. కానీ నిచ్చెన మెల్లిగా "నాది" అందంటే లెక్క తిరగబడేది. దూరపు మూల నిచ్చెన మూసేది, గోడ దగ్గరి మూలకి దూకేది. ఖాళీ ఉందనుకుని కొట్టినవాళ్లు బిక్కముఖం వేసేవాళ్లు. సార్‌కి చెబితే మాన్పిస్తాడని చెప్పలేదు. గదిలో ఉండేదాన్ని కాబట్టి నాకొక్కదానికీ తెలుసు.

ఆ ఏడు నిచ్చెన పిన్ని కూతురు కూడా గోల్‌కీపర్‌గా అకాడమీలో చేరింది. మంచి పిల్లే, నోట్లో నాలుక లేనిది. ఏడాది చివర సార్ పిలిచి, ఒక్క గోల్‌కీపర్‌నే ఉంచుకుంటామనీ, సెలక్షన్ మ్యాచ్‌లో తేలుతుందనీ చెప్పాడు. ఉండడానికి గదీ, తిండీ, చదువూ అన్నీ అకాడమీవే. బయటికెళితే గోడకి ఆట ఉండదు. వాళ్ల ఊళ్లో గోల్ పోస్టే లేదు మరి.

మ్యాచ్‌లో గోడా, నిచ్చెనా, నేనూ ఒక జట్టు. ఆ పిల్ల అవతలి గోల్‌లో. బయటినుంచి వచ్చిన సెలక్టర్లు కుర్చీల్లో కూర్చున్నారు. అవతలివాళ్లు మొదటి షాట్‌కి చెయ్యెత్తగానే నిచ్చెన "నాది" అంది. గోడ దగ్గరి మూలకి దూకింది. నిచ్చెన కూడా దగ్గరి మూలకే అడ్డం పెట్టింది. దూరపు మూల బార్లా తెరిచి ఉంది, బంతి హాయిగా లోపలికెళ్లింది. చూసేవాళ్లకి డిఫెన్స్ తన పని తాను చేసింది, గోల్‌కీపరే పిచ్చిదానిలా అటు దూకింది. ఎవరో నవ్వారు కూడా.

గోడ పొరపాటనుకుంది. మళ్లీ "నాది" వినబడింది, మళ్లీ అంతే. ఈసారి తనే తప్పు విన్నాననుకుందట. మూడోసారి కూడా నమ్మింది పిచ్చి మొహంది! నాకు ఒళ్లు మండిపోయింది, "దాని మాట వినకే!" అని అరిచాను. ఆ తర్వాత వినడం మానేసింది గానీ, అప్పటికే కాళ్లు తడబడుతున్నాయి. అటా ఇటా అని తేల్చుకునేలోపే బంతి వెళ్లిపోయేది.

ఆట అయ్యాక సార్ పిలిచాడు. "బంతి ఇటొస్తే నువ్వటెందుకు దూకావు?"

"అది 'నాది' అంది సార్. అలా అంటే మేం మూలలు మార్చుకుంటాం."

సార్ నిచ్చెన వైపు తిరిగాడు. "అన్నావా?"

"నేనేం అన్లేదు సార్."

కళ్లలో కళ్లు పెట్టి అంది. అది అన్న మాట నిజమేనని నేను చెప్పబోతే, "స్నేహితురాలివి, నువ్వు అలాగే అంటావు" అని సార్ కొట్టిపారేశాడు. గోల్‌కీపర్ సాకులు చెప్పకూడదు అని గోడకి ఓ నీతి కూడా బోధించాడు. ఆ పిల్ల ఉండిపోయింది, గోడ వెళ్లిపోవాలి. పోయిన సీటుకంటే ఆ "అన్లేదు" అన్న మాటే గోడని చంపేసింది. నమ్మించి గొంతు కోయడం అంటే అదే.

మర్నాడు మధ్యాహ్నం గేటు దాకా నేను సాగనంపాను. వెనకాలే నిచ్చెన పరిగెత్తుకొచ్చి గోడ బ్యాగు అందుకుంది.

"ఇంటికి పంపేస్తే మా పిన్ని కూతురి చదువు బాబాయి మాన్పించేస్తాడే. నీకలా కాదుగా. గట్టిదానివి, ఎక్కడున్నా నెగ్గుకొస్తావు" అంది ఏడుస్తూ.

ఇంత చేసి పొగడ్త ఒకటి! చెంప పగలగొడదామనిపించింది నాకు. రోడ్డు చివర బస్సు కనబడింది.

"నన్ను అడగాల్సింది" అంది గోడ.

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. అయినా అడగాల్సింది" అని బ్యాగు లాక్కుని బస్సెక్కింది.