క్యారెట్ చేనుకు చిరుత కాపలా

మా క్యారెట్ చేనుకు ఒక చలికాలమంతా చిరుతపులి కాపలా కాసిందంటే మా ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోతే మానె! ఆ రోజులు తలచుకుంటే నేను మాత్రం ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను.

హైటెక్ సిటీలో రోజుకో అద్దాల బిల్డింగ్ లేస్తున్న కాలమది. పొద్దున్నే చేవెళ్లలో బస్సెక్కి, మెహదీపట్నంలో ఇంకో బస్సు పట్టుకుని వెళ్లి, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సు నడిపేవాడు. చేను మొత్తం అవ్వ చేతి మీద నడిచేది. మా ఇల్లు కూడా చేలోనే. వెనకాల రాళ్ల గుట్ట, గుట్ట కింద సీతాఫలం పొదలు.

పక్కనున్న కనకమామిడి ఊరి వైపు పొదలన్నీ కొట్టేసి ఫామ్‌హౌసులు కట్టడం మొదలుపెట్టాక అక్కడి అడవి పందులన్నీ వచ్చి మా మీద పడ్డాయి. క్యారెట్ అంటే వాటికి ప్రాణం. తెల్లారి చూస్తే చేను ట్రాక్టరుతో దున్నేసినట్టుండేది. అవ్వ చేయని ప్రయత్నం లేదు. చుట్టూ పాత చీరలు కట్టింది. చేవెళ్లలో మంగలి షాపులన్నీ తిరిగి సంచులకొద్దీ వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లింది. వాసన చూడబోతే వెంట్రుకలు ముక్కులోకి పోయి పందులు పారిపోతాయని మా వైపు అందరూ చేసే పనే. నేను ఆఫీసులో పారేసిన సీడీలు తెచ్చి తాళ్లకు వేలాడదీశాను. పందులు ఆ తళతళల కింద నిలబడి తీరిగ్గా తిన్నాయి. ఇంకొక్క పంట పోతే చేను ఫామ్‌హౌసు వాళ్లకు అమ్మేద్దామన్నాడు బాపు. అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు.

అలాంటిది, హఠాత్తుగా పందులు రావడం మానేశాయి. నాలుగైదు రోజులు గడిచాక అవ్వ నా చెయ్యి పట్టుకుని బోరు కాలువ దగ్గరికి లాక్కెళ్లింది. తడి మట్టిలో ఒక అడుగు, దాదాపు నా అరచేయంత.

"కుక్క గాదే. సూడు, గోరు పడలే. చిరుత!" అంది. పండగొచ్చినట్టు నవ్వుతోంది.

నా ఒళ్లు ఝల్లుమంది. భయమా, సంతోషమా అంటే రెండూ. ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త రూల్సు వచ్చాయి. పొద్దు గూకక ముందే మేకలను కొట్టంలోకి తోలి తలుపు వేయాలి. కుక్క ఇంట్లోనే పడుకోవాలి. చేలో ఉన్నంతసేపూ గట్టిగా మాట్లాడుతూ ఉండాలి. అన్నిటికన్నా పెద్ద రూలు, బయట ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఫారెస్టు వాళ్లు దాన్ని పట్టుకుపోతారు, పందులు మళ్లీ దిగుతాయి.

ఒక సాయంత్రం గుట్ట మీద బండపై పడుకుని కనిపించింది. తోక కొస మాత్రం ఆడుతోంది. అబ్బ, ఏం అందం! అవ్వా నేనూ ఒకరి చెయ్యి ఒకరం గిల్లుకుంటూ, ఊపిరి బిగబట్టి చూశాం.

అంత సంబరపడ్డ నేనే ఫోన్ చేశాను. నడుం వంచి పనిచేసే మనిషి చిరుతకు నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తుందని ఎవరో అనగా విన్నాను. ఇక ఆఫీసులో కూర్చుంటే, ఒంటరిగా వంగి క్యారెట్లు పీకుతున్న అవ్వే కళ్ల ముందు. ఒక మధ్యాహ్నం మెట్ల దగ్గరికి వెళ్లి, ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ కొట్టి, నా పేరు చెప్పకుండా గుర్తులన్నీ చెప్పి పెట్టేశాను.

మూడో రోజే జీపు వచ్చింది, వెనకాల ట్రాలీలో ఇనుప బోను. గుట్ట కింద దించారు. వెనక అరలో ఎర మేక. మధ్యలో ఊచలున్నాయి కాబట్టి దానికేం కాదన్నారు. ముందు తలుపు పైకెత్తి ఉంటుంది, లోపలి పలకను తొక్కితే ధడేల్మని పడుతుంది.

"ఏది తొక్కితే పడ్తది సారూ? ఒక్కసారి సూపియ్యున్రి," అని అవ్వ అడిగితే, పాపం ఆ ఫారెస్టు సారు రెండుసార్లు చూపించాడు.

మర్నాడు పొద్దున తలుపు పడి ఉంది. లోపల చిరుత లేదు, వెనక మేక ఆకులు నములుతోంది. ఆ మర్నాడూ అంతే.

"ఎట్ల పడ్తున్నదమ్మా ఇది?" అని సారు తల గోక్కున్నాడు.

"ఇనుము గద సారూ, బరువుంటది."

ఆదివారం చర్చి మానని మనిషి, అబద్ధమాడదు. ఇనుము బరువే కదా!

నేనొక సాయంత్రం పెందలాడే వచ్చి పొద చాటు నుంచి చూశాను. అవ్వ మేకకు ఆకు వేసే నెపంతో వెళ్లి, పొడుగాటి కర్రతో పలకను పొడిచి, తలుపు పడగానే కొంగు దులుపుకుని వస్తోంది. నేను చేసిన పనిని రోజూ చెడగొడుతోందని కోపం రావాలా? ఈల వేయాలనిపించింది!

తర్వాతి శనివారం అవ్వకు జ్వరం వచ్చింది. "మేకకు ఆకేసి, ఆ తలుపు గూడ పడగొట్టి రా," అంది, నాకు అన్నీ తెలుసన్నట్టే.

వెళ్లాను. ఆకు వేశాను. కర్ర ఎత్తి తల తిప్పేసరికి బోనుకు అవతల, పొదల అంచున, అది! పసుపు కళ్లు మేకను చూశాయి, నన్ను చూశాయి. ఇప్పుడు మెల్లగా వెనక్కి నడిస్తే చాలు. తలుపు తెరిచే ఉంటుంది, రేపటికి అవ్వకు ఏ ప్రమాదమూ ఉండదు. కానీ నోరు దానంతట అదే తెరుచుకుంది.

"పో! పందులున్నయ్ పో! గీ మేకెందుకు నీకు!" అని అరుస్తూ పలకను పొడిచాను. తలుపు ధడేల్మంది. చిరుత ఒక్క దూకుతో బండెక్కి మాయమైంది. నేను పిచ్చిదానిలా నవ్వుతూ ఇంటికి పరుగెత్తాను.

"చూసిన అవ్వా! గింత దూరంల చూసిన!"

"తలుపు పడ్డదా?"

"పడ్డదే!"

అవ్వ దుప్పటి మెడ దాకా లాక్కుంది. "ఎవరో ఆడపిల్ల ఫోన్ జేసిందని సారు ఫస్టు రోజే చెప్పిండు. మన గుట్ట, మన కాలువ, అన్నీ సక్కగ చెప్పిందట. భయమైతే నాకు జెప్పాలె బిడ్డా, గాళ్లకు కాదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మంచం పక్కన కూలబడి, "నువ్వు గట్ల ఒక్కదానివే వంగి ఉంటే నాకు మస్తు భయమైతున్నదే. ఇగ వంగకు అవ్వా," అన్నాను.

"చేనుంటే వంగుత," అంది, వేడి చెయ్యి నా తల మీద పెట్టి. "చేను పోతే ఏడ వంగాలె బిడ్డా?"