అరటిపండ్లు పంచబోతే

ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ, నోరు మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

తొంభైల్లో మాట. ఎల్లారెడ్డిలో నాకు సైకిల్ రిపేరు షాపు ఉండేది. కామారెడ్డిలో కొత్తగా వృద్ధాశ్రమం పెట్టారని విని, మా పిల్లాడి పుట్టినరోజున రెండు గెలల అరటిపండ్లతో, నలుగురు దోస్తులతో బయలుదేరాను. ఆ పొద్దున్నే మా అమ్మ "అక్క ఇంటికి పోయొస్త" అని కామారెడ్డి బస్సెక్కింది.

ఆశ్రమం వరండాలో ముసలివాళ్లు వరుసగా కూర్చున్నారు. పండ్లు పంచే ముందు నాలుగు మాటలు చెప్పమన్నాడు మేనేజరు. ఇంకేముంది, రెచ్చిపోయాను.

"కన్నతల్లిని తెచ్చి ఈడ పడేసిన కొడుకు మొకం ఒక్కపారి సూడాలె నేను."

"అద్దం తెప్పియ్యాల్నా బిడ్డా?" అని వరుస చివరి నుంచి ఒక గొంతు. చూస్తే మా అమ్మ.

దోస్తులు నలుగురూ నా వైపే చూస్తున్నారు. ఇక ఎల్లారెడ్డిలో తలెత్తుకుని తిరగలేననుకున్నాను. చివరికి మేనేజరే నవ్వి, ఆమె ఇక్కడ ఉండదని, వారానికోసారి వచ్చి వీళ్లతో పచ్చీసు ఆడి పోతుందని చెప్పాడు.

పరువైతే దక్కింది గానీ మనసు కుదుటపడలేదు. తిరుగు బస్సులో అమ్మను అడిగాను.

"అవ్వా, ఇంట్ల నీకేం తక్కువ జేసిన?"

"తిండికేం తక్కువ లేదు బిడ్డా. నీ ముచ్చట్లన్ని షాపుల్నే అయిపోతయి. ఇంటికి నిద్రొక్కటే తెస్తవు."