తేదీ యాపే వేస్తుందక్కా

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నాలుగేళ్లుగా ఈ మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను.

తిరువళ్ళూరులో ఒక చిన్న కంపెనీలో యాప్‌లు రాస్తాను. షుగర్ రోగుల కాలిపుళ్లకు ఇళ్లకు వెళ్లి కట్లు కట్టే నర్సుల కోసం ఒకటి రాశాను. నర్సు పుండు ఫోటో తీసి పంపితే, ఆస్పత్రిలో డాక్టరు చూసి ఏం చేయాలో చెబుతాడు. అంతే పని. నా ఖరీదైన ఫోన్‌లో చక్కగా నడిచింది. నర్సుల చవక ఫోన్లలో మాత్రం, కెమెరా తెరవగానే మెమరీ చాలక ఫోనే వెనకాల ఉన్న యాప్‌ను మూసేసేది. తీసిన ఫోటో గల్లంతయ్యేది.

ఆస్పత్రివాళ్లకు యాప్‌ను చూపించాల్సిన రోజు పొద్దున దానికి ఒక అతుకు వేశాను. కొత్త ఫోటో రాకపోతే అదే రోగి పాత ఫోటో మీద ఆనాటి తేదీ వేసి పంపేయమని. తర్వాత తీసేద్దామనుకున్నాను. మరిచిపోయానా? లేదు. ఫిర్యాదులు ఆగిపోయాయి, అందరూ మెచ్చుకున్నారు, ఆ మెప్పు నాకు తియ్యగా ఉంది, అందుకే దాని జోలికి పోలేదు.

తిరుత్తణి వైపు పల్లెలు గౌరక్క చూసేది. ఆ నర్సుకు ఒక అలవాటు. రోగి ఇంటి గోడ మీది క్యాలెండర్‌లో ఆనాటి కాగితం చించి, పుండు పక్కన పెట్టి ఫోటో తీసేది. నేను నవ్వాను. తేదీ యాపే వేస్తుందక్కా అని మాన్పించింది నేనే.

ఆమె రోగుల్లో మునస్వామి మామ అనే రైతు ఉండేవాడు. ఏటా ఆడి కృత్తిక పండక్కి కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండ ఎక్కే మనిషి. ఒక వారం ఆయన పుండు నల్లబడింది. గౌరక్క ఫోటో తీసింది. డాక్టరుకు చేరింది ముందు వారం ఫోటో, మానుతున్న పుండు. అదే కట్టు చాలన్నాడు. ఫోటో చూసే చెప్పాడు కదా అని ఆమె నమ్మింది.

మోకాలి కింద కాలు తీసేశారు.

రెండు వారాల ఫోటోలూ ఒకటేనని తేలాక, ఇంటికి వెళ్లకుండానే పాత ఫోటో పంపిందని గౌరక్కను పనిలోంచి తీసేశారు. ఆమె మా ఆఫీసుకు వచ్చింది.

"నేను పోయినాను తమ్ముడూ. నా చేత్తోనే తీసినాను. ఆ పాత ఫోటో యాడనుంచి వచ్చింది?"

ఆమె అడగడం పూర్తికాక ముందే నాకు జవాబు తెలుసు.

"యాప్‌లో తప్పేం లేదక్కా. నువ్వే పాతది పంపించినట్టుండావు."

ఆమె ఫోన్ సంచిలో పెట్టుకుంది. "ఆ కాగితం పెట్టేది నేను మానకుండా ఉండాల్సింది" అంది. తనను తానే తిట్టుకుంటూ వెళ్లిపోయింది. నన్ను కాదు.

ఆ సాయంత్రమే అతుకు తీసేశాను. ఫోటో రాలేదు, మళ్లీ తీయండి అని ఇప్పుడు యాప్ చెబుతుంది. ఆ ఒక్క వాక్యం రాయడానికి పది నిమిషాలు పట్టింది. ముందే ఎందుకు రాయలేదు? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా, సిగ్గుపడనక్కర్లేని జవాబు ఒక్కటీ దొరకలేదు.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇది ఒక్కటి మాత్రం వినండి. గౌరక్క ఆ ఇంటికి వెళ్లింది. ఫోటో తీసింది. పాతది పంపింది నేను.