నాలుగో తరగతిలో అరటిపండు

ఆత్మకూరుకు దగ్గర్లోని మా ఊరి బడిలో ఐదు తరగతులకు రెండే గదులు. అందుకే మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడే నాలుగో తరగతి పాఠాలు వినేది. వినడంతో ఆగక జవాబులు కూడా చెప్పేది.

వేసవి సెలవుల తర్వాత బడి తెరవగానే పెద్దసారు నన్ను దారిలో ఆపారు.

"ఏమప్పా, మూడో తరగతిలో నీ కూతురికి పనేముండాది? నాలుగులో కూర్చోబెడదాం. ఒక వారం చూసి, బాగుంటే అట్లే ఉంచేద్దాం."

నాకు ఆ మాట చాలా నచ్చింది. ఆదివారం చర్చిలో, చదువు రాని ముసలమ్మలు మా పిల్ల చేత కీర్తన చదివించుకుని తల నిమురుతుంటే అప్పటికే నాకు గర్వంగా ఉండేది. నా భార్యకు మాత్రం నచ్చలేదు.

"అంత తొందరగా యాడికి పోవాల అది?"

"ఒక ఏడు మిగులుతాది కదా."

"మిగిలిన ఏడును ఏం చేస్తావు? గాదెలో పోసుకుంటావా?"

చాలా ఏళ్లకు ఆమె చనిపోయాక, నాతో ఇలా వాదించేవాళ్లు ఇంట్లో లేకుండా పోయారు. అప్పుడు మాత్రం ఆమె మాట పక్కన పెట్టి పిల్లను నాలుగో తరగతికి పంపాను.

లెక్కలన్నీ సునాయాసంగా చేసింది. వారం గడవకముందే ఒక సాయంత్రం మొహం ముడుచుకుని వచ్చింది.

"ఎవరన్నా కొట్టినారా?" అని వాళ్లమ్మ అడిగింది.

"లేదు. శానా బాగా చూసుకుంటారు," అంటూనే ఏడ్చింది. "నన్ను అరటిపండు చేసినారు."

పరుగులాటలో మరీ చిన్నవాళ్లను పిల్లలు చేర్చుకుంటారు గానీ లెక్కలోకి తీసుకోరు. పట్టుబడినా వాళ్లు ఔటు కారు. అలాంటి పిల్లను అరటిపండు అంటారు. నాలుగో తరగతి ఆడపిల్లలు మా పిల్లను చంకనెత్తుకున్నారట, జడ వేశారట, మధ్యాహ్నం గుడ్డు పొట్టు తీసి పెట్టారట. ఆటలో మాత్రం ఒక్కరూ తరమలేదట.

"ముందర నిలబడినా పట్టుకోరు నాయనా. నేను ఔటు కావాల."

"చదువుకొనేకి పోతివా, ఆడుకొనేకి పోతివా?" అన్నాను.

"రెండిటికీ."

"అడిగినావు కదా, విను," అంది నా భార్య, కొంగుతో పిల్ల ముక్కు తుడుస్తూ.

మర్నాడు నేనే బడికి వెళ్లాను.

"లెక్కలు కష్టంగా ఉండాయంటనా?" అన్నారు పెద్దసారు.

"లేదు సార్. ఆటలో ఎవరూ పట్టుకోవడం లేదంట."

ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆగారు. పిల్లను పిలిచి, "పోమ్మా, మూడులో కూర్చో. నాలుగో తరగతి పాఠం మాత్రం ఎప్పటి మాదిరే విను," అన్నారు.

ఆ సాయంత్రం మోకాలు గీరుకుపోయి, గౌను నిండా మట్టితో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, ఈ పొద్దు ఫస్టు నేనే ఔటు!"

నా భార్య మోకాలు కడుగుతూ, ఎవరు పట్టుకున్నారు, ఎట్లా పట్టుకున్నారు అని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. మూడోసారి చెప్పేటప్పటికి నేనూ వచ్చి పక్కన కూర్చున్నాను.