మార్చని స్ప్రింగులు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. నా పేరు అడగకండి, చెప్పేంత ధైర్యం ఇంకా రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో హోసూరులో నాకో కార్ల షెడ్డు ఉండేది. అంతకు ముందు వేప్పనపల్లి తోటల నుంచి మామిడికాయలు మోసే టెంపోలకు స్ప్రింగులు వేసేవాణ్ని. ఎంత కాయ ఎక్కించినా నేను చేసిన బండి కుంగదని పేరు. ఆ పేరు నా తలకెక్కింది. నా స్నేహితుడు మునిరాజు మట్టిరోడ్డు పందేల కోసం ఒక పాత కారు తెచ్చి అప్పజెబితే, దానికీ గట్టి స్ప్రింగులే బిగించాను. (మునిరాజులు మా వైపు వీధికొకరు, అందుకే పేరు రాస్తున్నాను.) మోయడానికి ఏమీ లేని తేలిక కారు అది. గుంతల్లో స్ప్రింగు లొంగాలి, చక్రం నేలను వదలకూడదు. ఆ మాత్రం నాకు తెలియదా? తెలుసు. కానీ బుర్రలో కాయల బరువే కూర్చుంది.

మునిరాజు ఆ కారును గురుబరపల్లి దగ్గర మట్టిదారిలో నడిపి చూసి వచ్చాడు.

"మలుపులో వెనకాల ఎగురుతా ఉండాదప్పా. మెత్తని స్ప్రింగులు ఎయ్యి."

షెడ్డులో నలుగురూ వింటున్నారు. నాకు ఒళ్లు మండింది. పందెం రోజు పొద్దున్నే వచ్చి, "మార్చినావా?" అన్నాడు.

"మార్చినాను పో. భయం లేకుండా తొక్కు."

మార్చలేదు. చెయ్యి కూడా పెట్టలేదు. గెలిచి వచ్చాక అసలు సంగతి చెప్పి అందరి ముందూ అతని నోరు మూయించాలని నా ఆశ.

పందెంలో నన్ను నమ్మి ఒక మలుపులోకి వేగంగా వెళ్లాడు. వెనక చక్రాలు నేల విడిచాయి. కారు పల్టీలు కొట్టింది. కృష్ణగిరి ఆసుపత్రిలో, మోకాలు నుజ్జయి పడుకున్నవాడు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మెత్తవి ఏసినా నేను నిలపలేకపోతినప్పా, తప్పు నాదే" అన్నాడు. నోరు తెరవాల్సింది అప్పుడే. ఎందుకు తెరవలేదు? పోలీసుల భయమా, పేరు పోతుందనా, అతని ముఖం చూడలేకనా? ఎంత తవ్వుకున్నా చివరికి దొరికేది నా పొగరే. విరిగిన కారును నా షెడ్డుకే తెచ్చారు. ముందుగా ఆ స్ప్రింగులు విప్పి మాయం చేశాను.

మోకాలు ఎలాగో అతుక్కుంది. మునిరాజు మాత్రం మళ్లీ స్టీరింగు పట్టలేదు. తన చేతుల మీద తనకే నమ్మకం లేదని, పెళ్లాం బిడ్డల్ని ఎక్కించుకుని నడపలేనని అంటాడు. నా ఎదురుగా కూర్చునే అంటాడు. నేను టీ తెప్పిస్తాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అతనికి చెప్పగలనో లేదో కూడా తెలియదు. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. స్ప్రింగులు నేను మార్చలేదు, మునిరాజూ. నువ్వు బాగానే నడిపినావు.