కూర్చుంటే లేవని మనిషి

మా నాయన పుల్లన్న ఆఖరి రోజు పొద్దున కూడా తనకు బాగా వచ్చిన పనే చేశాడు: కూర్చున్నాడు. చిత్రావతి ఒడ్డున తాను వేయించిన రాతిబండ మీద మేక పడుకొని ఉంటే, "లెయ్యే తల్లీ, నీకు నాలుగు కాళ్లుండాయి, నాకు రెండే" అని దాన్ని లేపి మరీ కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. కూర్చున్నవాణ్ణి లేపడమే ధర్మవరంలో ఎవరివల్లా కాలేదు. పడుకున్నవాణ్ణి మేమేం లేపగలం?

జీవితమంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న మనిషి. పెళ్లికి పోతే అక్షింతలు వేయడానికి కూడా లేచేవాడు కాదు. పెళ్లికొడుకునే ఇటు రమ్మనేవాడు. అలాంటివాడు ఏటి గట్టు వెంబడి నడకదారి వేద్దాం అనేసరికి మా నేత కాలనీ అంతా నవ్వింది.

కారణం షరీఫాబీ. ఏటి దిగువ పల్లె నుంచి మా ఇంటికి మగ్గానికి దారం కండెలు చుట్టడానికి హైవే మీద నడిచి వచ్చేది. ఒకరోజు లారీ రాసుకుంటూ పోయి ఆమెను కాలువలో పడేసింది. కొడుకు రఫీక్ "ఇంక పనికి పోవద్దు" అన్నాడు. పని పోతే ఆమె చేతిలో తనదనేది ఏమీ మిగలదు.

"ఏటి గట్టుండగా లారీల దయ మనకెందుకు?" అని నాయన పర్మిషన్ కోసం మండలాఫీసుకు పోయాడు.

"రేపు రా పెద్దాయనా" అన్నాడు అక్కడి గుమాస్తా.

"రేపు రావల్లంటే ఈపొద్దు పోవల్ల గదా సార్. నేను పోనే పోను!"

సాయంత్రం తాళం వేసే మనిషి మొత్తుకున్నాడు. "లే తాతా, నా ఇంటికాడ కాచుకోనుంటారు."

"కాగితమియ్యండి, ఇద్దరం పోదాం."

కాగితం వచ్చింది. రెండు ఊళ్లవాళ్లూ కలిసి కంపచెట్లు కొట్టి, కానుగ మొక్కలు నాటారు. నాయన కూర్చొని అజమాయిషీ చేశాడు.

దారి పల్లెకు చేరబోతుండగా గట్టు పక్క రైతు వెంకటేశులు తన చేనితో పాటు గట్టును కూడా కలిపేసుకొని కంచె కోసం రాతి కూసాలు నాటడం మొదలుపెట్టాడు. నాయన పోయి, కూసానికి తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకొని, మగ్గం ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు.

"ఏమప్పా పుల్లన్నా, లెయ్యి."

"నాటుకోబ్బా. నేనేమన్నా అడ్డమా?"

"నువ్వు గుంతలో ఉంటే యాడ నాటేది?"

"నా మీదనే నాటు. సమాధికి వేరే రాయి తెచ్చే పని తప్పుతాది."

ఎండ నడినెత్తికొచ్చింది. నాయన కదల్లేదు. చివరికి వెంకటేశులు తల్లే సంగటి ముద్ద తెచ్చి నాయన చేతిలో పెట్టి, "ఏటి గట్టు నీ అబ్బ సొత్తా?" అని కొడుకును తిట్టింది. వెంకటేశులు పలుగు కింద పడేశాడు.

"ఆ కూసాలు ఊరికే పోనిస్తావా? పడుకోబెట్టబ్బా, కూచుంటాం" అన్నాడు నాయన.

"నీ జబ్బుకు మందే లేదప్పా!" అంటూ వెంకటేశులు తనే మోయించాడు.

నాయన ఆ రాళ్లను ఇష్టమొచ్చినట్టు పరిపించాడు. ఒకచోట పక్కపక్కనే రెండు, ఆపైన ఎంతదూరం పోయినా ఒక్కటి లేదు. "సమంగా వెయ్యొచ్చు గదా నాయనా" అంటే, "నా కాళ్లు యాడ పడిపోతే ఆడనే బండ" అనేవాడు. ఆ కాళ్లకు మా అమ్మ జయలక్ష్మమ్మ రోజూ నూనె రాసేది.

ఆయన పోయాక, బండలను సమంగా జరపాలని కాలనీ పెద్దలు కొందరు బయలుదేరారు. రమ్మనండి. నాకూ కూర్చోవడం వచ్చు.

దారి పడినప్పటి నుంచి రోజూ సాయంత్రం షరీఫాబీని ఇల్లు చేర్చేది నాయనే. మొన్న ఆయన బదులు నేను పోయాను. మొదటి బండ దగ్గరే ఆమె రొప్పుతూ కూలబడింది.

"ఎన్నాళ్ల నుంచి అత్తా ఈ ఆయాసం?"

"చానా ఏండ్లాయ పాపా. రఫీక్‌కు చెప్పాకు, పని మానిపిస్తాడు. మీ నాయనకొక్కడికే తెలుసు. నాకు యాడ రొప్పొస్తే ఆడ 'అబ్బా నా కాళ్లు' అని ఆయప్ప కూలబడతాండె. 'నువ్వూ కూచో షరీఫమ్మా, నేనొక్కడే కూచుంటే సోమరంటారు' అంటాండె. ఆడాడనే ఈ బండలు పడినాయి."

"కాళ్లనొప్పులైతే నిజమే కదా?"

షరీఫాబీ నవ్వింది.

"ఏం నొప్పులు? నన్ను వాకిట్లో దింపినాక చూడల్ల. పంచె ఎగ్గట్టి, ఈలేసుకుంటా, ఒక్క బండ మీద గూడా కూచోకుండా ఉరుకుతా పోతాండె!"