రెండు రాకెట్ల కొలత

జోజి నెట్టు కొలుస్తాడు. ఒక రాకెట్టును నెట్టు నడుమ నిలువుగా నిలబెట్టి, దాని మీద ఇంకో రాకెట్టు తలను అడ్డంగా పెడతాడు. రెండూ కలిస్తే అక్కడ ఉండవలసిన ఎత్తు. ఒక కన్ను మూసి చూస్తాడు. "సరిగ్గనే ఉంది" అంటాడు. టెన్నిస్ ఆడేవాళ్ళు ఎవరైనా ఆట మొదలుకాకముందు ఈ పని చేస్తారు. జోజి ఆట నడుమ చేసేవాడు. గెలుస్తున్నప్పుడు మరీ చేసేవాడు.

ఆయన పక్కన డబుల్స్ ఆడినవాణ్ణి నేను. దేశం ర్యాంకుల జాబితాలో మా పేర్లు అడుగున ఉండేవి. పైన ఎవరైనా ఆట మానేస్తే కాస్త పైకి జరిగేవి. చలికాలం రాగానే భద్రాచలంలో బస్సెక్కి, ఖమ్మంలో రైలందుకుని, మద్రాసో కలకత్తానో పోయేవాళ్ళం. మొదటి రౌండులో ఓడి మర్నాటి రైల్లో వెనక్కి వచ్చేవాళ్ళం. మమ్మల్ని ఓడించినవాళ్ళ ఆట ఎంత బాగుందో జోజి దారి పొడుగునా చెప్పేవాడు.

ఒకసారి బెజవాడలో మేం గెలవబోతున్నాం. ఎదుటి జట్టులో ఒకతను ఎండకు తాళలేక మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయాడు. సర్వీసు జోజిది. ఆయన బంతి జేబులో వేసుకుని నెట్టు దగ్గరికి నడిచాడు.

"మళ్ళ ఏందయ్యా?" అన్నాను.

"జర కుంగినట్టుంది. గాలికేమో."

"గాలి ఏడుంది?"

"అదే నాకూ అనుమానం. నీ రాకెట్టు ఇటియ్యి."

అంపైరు కుర్చీలోంచి, "జోజిగారూ, నెట్టేమైనా కొంటారా?" అని అడిగాడు.

"సరిగ్గనే ఉంది" అన్నాడు జోజి.

అప్పటికి ఆ వంగినతను నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, తల కూడా దువ్వుకుని వచ్చాడు. మేం ఓడిపోయాం.

కోర్టు బయటా ఇదే వరస. పక్కింటి ఇన్నమ్మ నిండు బిందెతో ఎత్తు ఎక్కి వస్తుంటే అడ్డం వెళ్ళేవాడు.

"బిందె దించు ఇన్నమ్మా. కొలవాలె."

"నిన్న కొలిస్తివి గద. రాత్రికి పెరిగిందా ఏంది?"

"చూడాలె గద."

ఆమె తిట్టుకుంటూ బిందె దించి, కొంగుతో మెడ తుడుచుకునేది. ఈయన తీరుబడిగా కొలిచేవాడు.

"సరిగ్గనే ఉంది."

"ఎన్నడో ఒకనాడు నీ రాకెట్టును పొయ్యిల పెడ్త" అని ఇన్నమ్మ బిందె ఎత్తుకునేది.

జోజి పెళ్ళిచూపులకు కల్లూరు వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. విశ్రాంతమ్మ టీ కప్పుల పళ్ళెంతో గదిలోకి వచ్చింది. అదే క్షణంలో జోజి గభాలున లేచి, సంచిలోంచి రాకెట్లు తీసి, వాళ్ళ దర్వాజ కొలవడం మొదలుపెట్టాడు. పిల్ల మేనమామ యేసుదానం నా చెవిలో, "వడ్రంగి అని చెప్పలేదే" అన్నాడు.

"వడ్రంగి కాదు. టెన్నిస్."

"మరి దర్వాజ ఎందుకు?"

"పెద్ద ఆటగాళ్ళంతా గట్లనే చేస్తరు" అన్నాను. ఇక ఈ సంబంధం పోయినట్టే అనుకున్నాను. పిల్ల ఒప్పుకుందని సాయంత్రం కబురొచ్చింది.

ఎనభై ఆరు ఎండాకాలం నాటికి జోజి మోకాళ్ళు మొరాయించాయి. మా చలికాలం రైలు ప్రయాణాలు ఆగిపోయాయి. కొత్తగూడెం దగ్గర ఒక క్లబ్బువాళ్ళు కోచ్ కోసం పోటీ పెట్టారు. గెలిచినవాడికి ఉద్యోగం, ఉండడానికి స్లాబు వేసిన క్వార్టరు. విశ్రాంతమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి కిరాయి పెంకుటింట్లోనే ఉంది. వాన పడ్డప్పుడల్లా మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపేది. ఆమె భర్తను ఏమీ అడగలేదు. క్వార్టరు కిటికీలకు పరదాలు మాత్రం కుట్టి పెట్టుకుంది.

జోజి ఫైనలు దాకా వచ్చాడు. ఎదుట బద్యా. ఇల్లెందు వైపు తండావాడు. ర్యాంకుల్లో మా ఇరుగుపొరుగు. ఆ రోజు నేను ఒక తెలివైన పని చేశాను. జోజి రెండో రాకెట్టును నా కింద వేసుకుని కూర్చున్నాను. ఒక్క రాకెట్టుతో నెట్టు కొలవడం ఎవరి వల్లా కాదు.

ఇంకొక్క పాయింటు వస్తే క్వార్టరు జోజిది. అప్పుడు బద్యాకు ఆయాసం వచ్చింది. అతనికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. గీత వెనక వంగి నిలబడి, ఆగవద్దని జోజికి చెయ్యి ఊపాడు. జోజి నా వైపు చూశాడు. నేను కదల్లేదు. ఆయన నెట్టు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు.

"బద్యా, నీ రాకెట్టు ఇటియ్యి."

బద్యా మెల్లగా వచ్చి ఇచ్చాడు. జోజి అంత నిదానంగా కొలవడం నేనెప్పుడూ చూడలేదు. ఎడమ కన్ను మూసి చూశాడు. కుడి కన్ను మూసి చూశాడు. నేల మీద కూర్చుని చూశాడు. బద్యా ఛాతీ కుదుటపడింది.

"సరిగ్గనే ఉంది."

ఆ పాయింటు బద్యా గెలిచాడు. ఆ తర్వాత ఆట గెలిచాడు.

మేం భద్రాచలం చేరేసరికి వాన మొదలైంది. విశ్రాంతమ్మ మంచం జరుపుతోంది. జోజి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. నేను ఉండబట్టలేక జరిగిందంతా చెప్పాను.

"ఇన్నేండ్లు పక్కన ఆడినవ్ గద అన్నా. నెట్టు ఎన్నడన్న తప్పు వచ్చిందా?" అని అడిగింది.

ఆలోచించాను. "లేదు."

"మరి ఎందుకు కొలుస్తడనుకున్నవ్?"

"పిచ్చి అనుకున్న."

ఆమె నవ్వింది. "నన్ను చూడవచ్చిననాడు నా చేతులు వణుకుతున్నయ్. పళ్ళెంల కప్పులు గలగలమంటున్నయ్. అందరూ నా చేతుల దిక్కే చూస్తున్నరు. ఈయన లేచి దర్వాజ కొలిచిండు. అందరూ దర్వాజ దిక్కు తిరిగిన్రు. నేను పళ్ళెం కింద పెట్టిన."

బెజవాడలో వంగిపోయినతను గుర్తొచ్చాడు. ఇన్నమ్మ కొంగుతో మెడ తుడుచుకోవడం గుర్తొచ్చింది.

"క్వార్టరు పోయిందని బాధ లేదా అమ్మా?"

"ఎందుకుండదు" అని, పరదాలు మడిచి ట్రంకుపెట్టెలో పెట్టింది.

వాన తగ్గలేదు. నేను అక్కడే పడుకున్నాను.

తెల్లారి తెరిపి ఇచ్చాక బద్యా వచ్చి గేటు బయట నిలబడ్డాడు. చేతిలో క్వార్టరు తాళంచెవి ఉంది. దాన్ని ముందుకు చాచి, "అన్నా" అన్నాడు. తల ఎత్తలేదు.

జోజి లోపలికి వెళ్ళి రెండు రాకెట్లు తెచ్చాడు. గేటు కొలవసాగాడు. బద్యా చూస్తూ నిలబడ్డాడు. చూసి చూసి, చివరికి నవ్వాడు.

"సరిగ్గనే ఉంది" అన్నాడు జోజి. "తాళంచెవి జేబుల పెట్టుకో. పడిపోతది."

బద్యా పెట్టుకున్నాడు. కప్పు వైపు, పగిలిన పెంకుల వైపు చూశాడు.

"వదినా, నిచ్చెన ఉందా?"

నిచ్చెన వేసుకుని, పెరట్లో పడి ఉన్న పెంకుల్లో మంచివి ఏరి చంకలో పెట్టుకుని ఎక్కాడు. సగం ఎక్కాక దగ్గు వచ్చి ఆగాడు. విశ్రాంతమ్మ టీ గ్లాసులతో బయటికి వచ్చి అటు చూసింది.

"ఏమయ్యా, నిచ్చెన కొలవవా?"

జోజి అప్పటికే ఒక కన్ను మూశాడు.